బండల మీద వాల్ట్జ్

నంద్యాల ఇంట్లో బండలు పీకించి టైల్స్ వేయిస్తున్నానని అత్త ఫోన్ చేసింది. "ఏమ్మే, తెల్లటి టైల్స్, అద్దం మాదిరుంటాయి. వచ్చి సూసి పో," అంది. ఆదివారం పొద్దున కర్నూలులో బస్సెక్కి వెళ్లాను. అప్పటికే హాల్లో సగం నేల లేచిపోయింది. బేతంచెర్ల బండలు కాంపౌండు గోడకు ఆనించి వరసగా నిలబెట్టారు. ఎండ ఎరగని అడుగు వైపున పాత సున్నం, ఎర్రమట్టి అంటుకుని ఉన్నాయి. పైవైపు మాత్రం నున్నగా, చెయ్యి పెడితే జారిపోయేలా ఉంది. వీటిని యాడ పారెయ్యాలమ్మా అని మేస్త్రీ అడిగితే, "పారేసేదేం లేదు, దొడ్లో పరిపిస్తా," అంది అత్త. నేను ఒక బండ మీద అరచెయ్యి ఆనించాను. మా మామ వాటి మీదే రెండోసారి నడక నేర్చుకున్నాడు. ఆ నడక వాల్ట్జ్ నాట్యంలోది. ఈ మాట చెబితే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. అందుకే చెప్పను. రాయడమంటే నాకు కాస్త ధైర్యం.

మా ఇల్లు ఆళ్లగడ్డ. నాయనకు అక్కడ ఎరువుల అంగడి ఉండేది. ఇంటర్ చదవడానికి నన్ను నంద్యాలలో అత్త దగ్గర ఉంచారు. ఓబులమ్మత్త నాయనకు అక్క. అత్తా మామలకు పిల్లలు లేరు. మామది ఆళ్లగడ్డ దాటి కొంచెం లోపలికి పోతే వచ్చే పల్లె. అక్కడ వరి, శెనగ పండే భూములు ఉన్నాయి. మామకు వణుకు జబ్బు వచ్చాక సేద్యం తమ్ముడికి అప్పగించి, ఆస్పత్రికి దగ్గరగా ఉంటుందని నంద్యాల వచ్చేశారు. నేను అప్పట్లో క్లాసులో హాజరు పిలిస్తే నా గొంతు బయటికి వచ్చేలోపు తరువాతి పేరు చదివేసేవాళ్లు. అటువంటి పిల్లను. ఎవరి మొహమూ నేరుగా చూసేదాన్ని కాదు. చెప్పుల్ని చూసి మనుషుల్ని గుర్తుపట్టేదాన్ని. సాయంత్రం మేడమెట్ల మీద కూర్చుని ఆ రోజు ఎవరెవరు ఏమేం మాట్లాడారో డైరీలో రాసుకోవడం ఒకటే నాకు తెలిసిన మాటకారితనం.

ఆ ఇంటి పొద్దులు నాకు వాసనలుగానే గుర్తున్నాయి. తెల్లవారుతూనే అత్త నేలంతా తడిగుడ్డతో తుడిచేది. తడిసిన బండ నుంచి వాన మొదలయ్యే ముందు వచ్చే వాసన వచ్చేది. తరువాత బొరుగులు నానబెట్టి చేసే ఉగ్గాని తాలింపు, దానిలోకి వేయించిన పచ్చిమిరపకాయల బజ్జీల ఘాటు. మధ్యాహ్నం జొన్నరొట్టె తట్టే చప్పుడు వీధి మలుపు దాకా వినపడేది. మామ ఒంటి నుంచి నొప్పుల తైలం, వక్కపొడి కలిసిన వాసన వచ్చేది. ఆయనకు కొన్ని పట్టుదలలు ఉండేవి. తువ్వాలు ఎడమ భుజం మీదే ఉండాలి. రేడియోలో రైతుల కార్యక్రమం వస్తుంటే ఎవరూ మాట్లాడకూడదు. భోజనానికి కూర్చుంటే కంచం పక్కన ఉల్లిగడ్డ ముందుగా ఉండాలి. పల్లెలో ఉన్నప్పుడు పొలం గెనాల మీద ఆయన నడుస్తుంటే జీతగాళ్లు పరుగెత్తి అందుకోవాల్సి వచ్చేదట. అత్త ఎప్పుడూ ఆయన వెనకే, నాలుగడుగుల ఎడంతో నడిచేది. గుడికైనా, పెండ్లికైనా అంతే. పెండ్లయిన కొత్తలో అలవాటైన ఎడం అది. ఆయన నడక మందగించాక కూడా ఆ ఎడం తగ్గలేదు. ఆయన ఎంత మెల్లగా నడిస్తే ఈమె అంతకంటే మెల్లగా నడిచేది.

జబ్బు మొదట కుడిచేతి బొటనవేలిలో కనపడింది. ఎప్పుడు చూసినా పొగాకు నలుపుతున్నట్టు కదిలేది. తరువాత అడుగులు చిన్నవయ్యాయి. ఆ తరువాత వచ్చింది అన్నిటికంటే చెడ్డది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయేవాడు. గడప దగ్గర, మలుపు దగ్గర, ఎవరైనా అడ్డం వస్తే, కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. పైన మనిషి పోవాలనుకుంటాడు, కింద పాదాలు వినవు. "నేల పట్టుకుంటాందే నన్ను," అనేవాడు. డాక్టరు మందు ఇచ్చాడు. మందుతో పాటు నడిపిస్తూ ఉండండి అని చెప్పాడు. ఎట్లా నడిపించాలో మాత్రం మాకు తెలియలేదు.

ఒకరోజు మామ వీధి దాటుతూ నడిమధ్యలో ఆగిపోయాడు. అటు ఆటో, ఇటు శెనగ మూటల ట్రాక్టరు. రెండు వైపులా హారన్లు. అత్త వాకిట్లో నిలబడి "ఇదో, రాండి, కదలండి," అంటోంది గానీ వీధిలోకి వచ్చి చెయ్యి పట్టుకోవడానికి ఆమెకు కాళ్లు రావడం లేదు. అప్పుడు ఎదురింటి మేడ మీద నుంచి ఐరీన్ టీచర్ దిగివచ్చింది. ఆమె రైల్వే బడిలో పనిచేసి రిటైరైన ఆంగ్లో ఇండియన్. మోకాళ్ల కిందికి దిగే పూలగౌను, పొట్టి తెల్లజుట్టు. పుట్టి పెరిగింది గుంతకల్లు రైల్వే కాలనీలో. గౌను చూసి ఇంగ్లీషు వస్తుందనుకుంటే, నోరు తెరిస్తే అచ్చం మా సీమ మాట. మామ ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాచింది. "అన్నా, కాళ్ల సంగతి మర్చిపో. నన్ను పట్టుకో. బరువు కుడికాలు మీదికి పోనీ. ఆఁ, ఇప్పుడు ఎడమకు. ఊగు. ఉయ్యాల మాదిరి. ఇంగ నా మీదికి రా," అంటూ వెనక్కి నడిచింది. మామ కాలు లేచింది. ఆమె వెనక్కి, ఈయన ముందుకు, అలా మా వాకిలి దాకా వచ్చేశారు. ట్రాక్టరువాడు హారను మీద నుంచి చెయ్యి తీసి నోరు తెరుచుకుని చూశాడు.

అత్త ఆ పూట రొట్టెలు మామూలు కంటే గట్టిగా తట్టింది. "వీధి నడుమ ఒక ఆడమనిషి చేతులు పట్టుకున్యాడు," అని గోడకు చెప్పింది. మామ విని, "నువ్వు పట్టుకోలేదు గదా మరి," అన్నాడు. ఆ మాట అత్తకు ఎక్కడో తగిలింది. మరుసటి రోజు గిన్నెలో ఉగ్గాని పెట్టి, పైన ప్లేటు మూసి, నన్ను వెంటబెట్టుకుని ఎదురింటి మెట్లెక్కింది. టీచర్ ఇంట్లో ఏదో మాంసం ఉండల కూర ఉడుకుతోంది. కొబ్బరి, మసాలా వాసన. అత్త గిన్నె చేతికిచ్చి, కూర్చోకుండానే, "నిన్న మా ఆయనకు చేసింది ఏందో నాకు చెప్పండి," అంది.

"అదా? వాల్ట్జ్," అంది టీచర్.

"మందా?"

"డాన్సు. మా కాలంలో గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో శనివారం శనివారం ఆడేటోళ్లం. మా ఆయన గార్డు. రైలు దిగి యూనిఫాం గూడా మార్చకుండా వచ్చేటోడు." ఆమె నవ్వి, ఉగ్గాని ఒక పిడికెడు నోట్లో వేసుకుంది. "నేను నేర్పుతా ఓబులమ్మా. కానీ నేను పట్టుకోను. నువ్వే పట్టుకోవాల."

"నేనా?" అత్త చీరకొంగు భుజం చుట్టూ లాక్కుంది. "పట్టపగలా?"

తలుపులు మూసి, కిటికీలకు దుప్పట్లు కట్టి మొదలుపెట్టాము. మామ మధ్యాహ్నం మందు వేసుకున్నాక ఒళ్లు కాస్త తేలికయ్యే వేళ అది. హాల్లో సోఫా గోడకు జరిపేవాళ్లం. టీచర్ నేల మీద మొహానికి రాసుకునే పౌడరు చల్లేది, పాదం జారాలని. అందుకే ఆ నెలలన్నీ మా ఇల్లు చంటిపిల్ల ఉన్న ఇల్లులా వాసన వచ్చేది. టేప్‌రికార్డరులో మాటల్లేని వయొలిన్ పాట వచ్చేది. మామకు అది అస్సలు నచ్చలేదు. "ఇదేం పాట, పెండ్లికా సావుకా?" అనేవాడు. అత్త తన చెయ్యి మామ భుజం మీద ఆనించడానికే మూడు మధ్యాహ్నాలు పట్టింది. అందుకని టీచర్ ముందు నాకు నేర్పింది. నేను మగవాడి అడుగులు నేర్చుకుని అత్తతో ఆడి, అత్తకు ఆడమనిషి అడుగులు వచ్చాక నేను తప్పుకోవాలి. ఎవరి కళ్లలోకీ చూడలేని నన్ను "బేబీ, తల పైకి, నా చెవి మీదుగా గోడ చూడు," అని గదిమేది. ఎదుటి మనిషి కళ్లలోకి చూడక్కరలేని నాట్యం కూడా ఒకటి ఉందని తెలిసి నాకు ఎంత ఊరటగా అనిపించిందో!

ఆ మాటలన్నీ నాకు ఇప్పటికీ నోటికి వస్తాయి. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పట్టుకునే పట్టు క్లోజ్డ్ హోల్డ్. మగవాడి కుడిచెయ్యి ఆమె వీపు మీద, రెక్క ఎముక కింద ఆనుతుంది. ఇద్దరి చేతులూ భుజాలూ కలిసి ఒక చట్రంలా నిలవాలి. అదే ఫ్రేమ్. "తలుపుకు చట్రం ఎట్లనో అట్ల. చట్రం వంగితే తలుపు పడదు," అని టీచర్ చెబితే మామ వెంటనే భుజాలు సరిచేశాడు. ఇల్లు కట్టించిన మనిషి గదా. ముందుకొక అడుగు, పక్కకొక అడుగు, కాళ్లు కలపడం. మళ్లీ వెనక్కి, పక్కకు, కలపడం. అది బాక్స్ స్టెప్. దానికి మా నేల కుదిరినట్టు ఇంకే నేలా కుదరదు. బండకూ బండకూ మధ్య సున్నపు గీతలు నలుచదరంగా ఉన్నాయి. ఉత్త నేల మీద కదలని మామ పాదం గీత కనపడితే లేచేది, దాన్ని దాటాలన్నట్టుగా. ఎందుకో టీచర్‌కూ తెలియదు. "నీ కాలికి గీత కావాల, నీ చెవికి లెక్క కావాల. రెండూ ఉంటే నువ్వు నడుస్తావు," అంది. లెక్క చెప్పే పని నాది. ఒకటి మీద బరువు, రెండూ మూడూ తేలిక. మొదట్లో నేను చెప్పేది గడియారానికి కూడా వినపడేది కాదు. "గట్టిగా సెప్పుమే, దోమ కూసినట్టుంది," అని మామ కసురుకునేవాడు. ఆయన కసురు తప్పించుకోవడానికే నా గొంతు కొంచెం పెరిగింది.

గొడవలు కూడా చాలా అయ్యాయి. మగవాడు ఎడమకాలితో మొదలుపెట్టాలి. మామ ఒప్పుకోలేదు. "మంచిపని ఎడమకాలుతో మొదలుపెట్టేదేంది?" అని ముందు కుడికాలితో నేలను ఒక్క తొక్కు తొక్కి, ఆ తరువాతే ఎడమకాలు కదిలించేవాడు. టీచర్ తిడుతుందనుకున్నాను. ఆమె చప్పట్లు కొట్టింది. "అదే గదా నేను మొత్తుకునేది! బరువంతా కుడి మీద పెడితేనే ఎడమకాలు ఖాళీ అవుతాది. తొక్కన్నా, బాగా తొక్కు!" అంది. ఇంకొకటి మాత్రం అంత సులభంగా తెగలేదు. హాలు చుట్టూ తిరిగేటప్పుడు జంటలన్నీ గుండ్రంగా ఒకే వైపు, గడియారం ముల్లుకు ఎదురుగా తిరగాలట. దాన్ని లైన్ ఆఫ్ డాన్స్ అంటారు. అత్త మాత్రం గోడ దగ్గరికి రాగానే మామను అటు కాకుండా ఇటు, గుడిలో ప్రదక్షిణం చేసినట్టు తిప్పేది. టీచర్ ఆపి మళ్లీ మొదలుపెట్టించేది. అత్త మళ్లీ అటే తిప్పేది.

"ఓబులమ్మా, నీకు చెవుడా? ఎడమ వైపు!"

"ఆ వైపు తిరిగేది సచ్చినోళ్ల చుట్టూ టీచర్. ఉన్న మొగుడ్ని పట్టుకోని నేనట్ల తిరగను."

"మా హాల్లో ఇట్ల తిరిగింటే పది జంటలొచ్చి మీద పడుంటారు!"

"ఈడ మీద పడేదానికి మేమిద్దరమే గదా ఉండేది," అంది అత్త. మామ ఎప్పుడూ లేనిది గట్టిగా నవ్వాడు. అత్త చెంపలు ఎర్రబడ్డాయి. టీచర్ నుదురు కొట్టుకుని, అప్పటి నుంచి అన్ని పాఠాలనూ తిరగేసి చెప్పింది. ప్రపంచంలో ప్రదక్షిణంగా వాల్ట్జ్ ఆడినవాళ్లు మా అత్తా మామే అయి ఉంటారు.

నాకు అన్నిటికంటే నచ్చిన మాట హెసిటేషన్. వాల్ట్జ్‌లో ఒక అడుగు వేసి, కాళ్లు కలపకుండా, రెండు లెక్కలు ఊరకే నిలబడి, ఊగి, మళ్లీ సాగిపోయే చోటు ఒకటి ఉంది. ఒక మధ్యాహ్నం మామ గది మలుపులో ఆగిపోయాడు. ఎంత ఊపినా కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆడవాళ్ల ముందు కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి వదలాలి, వదిలితే పడిపోతాడు. టీచర్ టేపు ఆపలేదు. "ఏం కాలేదన్నా. దీన్ని హెసిటేషన్ అంటారు. ఆగేది గూడా ఒక అడుగే. దానికీ లెక్కుంది. పాట నీ కోసరం నిలబడదు, మల్లా తిరిగొస్తాది. వచ్చినప్పుడు ఎక్కు," అంది. పాట తిరిగి వచ్చింది. మామ ఎక్కాడు. అప్పటి నుంచి ఆయన ఆగిపోతే ఇంట్లో ఎవరమూ కంగారుపడేవాళ్లం కాదు. "మామా, హెసిటేషనా?" అంటే "ఊఁ, ఆ సచ్చినదే," అనేవాడు.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. పద్ధతి ప్రకారం మగవాడు నడిపిస్తాడు, ఆడమనిషి అనుసరిస్తుంది. లీడ్, ఫాలో అంటారు. మా ఇంట్లో అది కుదరదు. మామ కాలు ఎప్పుడు కదులుతుందో ఆయనకే తెలియదు. అందుకని టీచర్ అత్తకు వెనక్కి నడుస్తూనే నడిపించడం నేర్పింది. బరువు ఎటు మార్చాలో అత్త అరచేతితో చెప్పేది. "బయటోళ్లకు ఆయన నడిపినట్టుంటాది. లోపల నువ్వు నడిపిస్తావు. సంసారమే గదా, నీకు కొత్తా?" అనేది టీచర్. మామ విని విననట్టు ఊరుకునేవాడు. ఊరుకున్నాడే గానీ అది ఆయనకు లోపల ముల్లులా ఉండేదని నాకు తెలుసు. సంతకం పెట్టలేడు, గడ్డం గీసుకోలేడు, ఇప్పుడు తన నడక కూడా భార్య అరచేతిలో ఉంది.

ఆ చలికాలం ఆయనను ఒకటే దిగులు పట్టుకుంది. అహోబిలం స్వామి పార్వేటకు, అంటే వేట ఉత్సవానికి, బయల్దేరి పల్లకిలో ఊరూరా తిరిగే రోజులు దగ్గరికొస్తున్నాయి. తన పెండ్లికి రమ్మని స్వామే వచ్చి జనాన్ని పిలుస్తాడని మా వైపు నమ్మకం. ఊళ్లో పల్లకి దించే రాతికట్టను తెలుపు అంటారు. మామ వాళ్ల పల్లెలో ఆ కట్ట వాళ్లింటి ఎదురుగా, వీధికి అవతల ఉంది. పల్లకి వచ్చేసరికి ఆ ఇంటి పెద్ద చెప్పులు లేకుండా నడిచి ఎదురుపోయి టెంకాయ ఇవ్వాలి. మామ నాయన ఇచ్చాడు, ఆయన నాయన ఇచ్చాడు. చిన్నమామ, అంటే మామ తమ్ముడు, నంద్యాల వచ్చి మెల్లగా మాట కదిపాడు. "అన్నా, ఈసారి నువ్వు కుర్చీలో కూచో. మనోళ్లు ఎత్తుకోని పోతారు. లేదంటే నేనిస్తా." ఆయన మంచిమాటే చెప్పాడు. మామ బొటనవేలు నలుపుకుంటూ, "సామీ పల్లకిలో వచ్చి, నేనూ కుర్చీలో పోతే ఎవురు ఎవురికి మొక్కాలరా?" అన్నాడు. తమ్ముడు వెళ్లిపోయాక అత్తతో, "ఈ ఒక్కసారి నడిచి ఇస్తా. ఆ తర్వాత మంచంలో ఏసినా నేనడగను," అన్నాడు.

చిక్కు ఎక్కడంటే, క్లోజ్డ్ హోల్డ్‌లో అత్త వెనక్కి నడవాలి. అంటే స్వామికి వీపు చూపించాలి. అత్త పేరే ఓబులమ్మ, అహోబిలం మీద పెట్టిన పేరు. ఆ స్వామికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డ. గుడిలో తీర్థం తీసుకున్నా వెనక్కి వెనక్కి నడిచి బయటికి వచ్చే మనిషి. "అది మాత్రం నా చేత కాదు," అంది. టీచర్ ఆలోచించి ప్రామినాడ్ నేర్పింది. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు, చేతులు వదలకుండా, ఇద్దరి మొహాలూ పోయే వైపే పెట్టి నడవడం. చూడటానికి సులభం. కానీ అత్త రెండడుగులు కూడా పక్కన నడవలేకపోయింది. తెలియకుండానే వెనకబడేది. "మల్లా ఎనక్కి పోయినావ్! పక్కన, పక్కన!" అని టీచర్ అరిచేది. పాత ఎడం కాళ్లలో ఉండిపోయింది. ఆమె వెనకబడగానే చట్రం చెదిరి మామ ఆగిపోయేవాడు. పండగ దాకా అదే సాధన చేశాము. బయల్దేరే రోజుకు ఏదో కుదిరిందనిపించింది.

పల్లకి మధ్యాహ్నం వచ్చింది. ముందు తప్పెట్లు, కొమ్ము చప్పుడు, వెనక దుమ్ము. మోసేవాళ్లు ఒక రకంగా ఊగుతూ వస్తారు, ఆ ఊపులో పల్లకి మీది పూలదండలు కూడా ఊగుతాయి. టీచర్ మాతోపాటే జీపులో వచ్చింది. మిద్దె పైకెక్కి పిట్టగోడ దగ్గర నిలబడింది. మామ కొత్తపంచె, ఎడమ భుజం మీద తువ్వాలు. తువ్వాలు మడతలో టెంకాయ కట్టుకున్నాడు, చేతులు ఖాళీగా ఉండాలని. గడప దాటాడు. అత్త పక్కనే ఉంది. నేను వాళ్లకు దగ్గరగా నడుస్తూ లెక్క చెబుతున్నాను. వాకిలి దాటి వీధిలో కాలు పెట్టేవరకూ అంతా బాగుంది. అక్కడ గీతలు లేవు. ఉత్త మట్టి. తప్పెట్లలో నా గొంతు నాకే వినపడలేదు. అంతమందిని చూడగానే అత్త పాదం తనంతట తానే వెనక్కి తగ్గింది. మామ ఆగిపోయాడు.

కుడికాలితో తొక్కాడు. లేవలేదు. మళ్లీ తొక్కాడు. జనం మొదట ఓర్పుగా చూశారు, తరువాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పల్లకి కట్ట దగ్గరికి వచ్చేసింది. దించకుండా భుజాల మీదే ఉంచి మోసేవాళ్లు నిలబడ్డారు. "అన్నా, ఇట్లియ్యి, నేను పోతాలే," అని చిన్నమామ చెయ్యి చాచి దగ్గరికి వచ్చాడు. మామ మొహం నేను చూడలేకపోయాను. అప్పుడు అత్త ఆయన ముందుకు వచ్చి నిలబడింది. పల్లకికి వీపు పెట్టి, ఆయన చేతులు పట్టుకుంది. నేను చూస్తుండగానే ఆయన కుడిచేతిని తీసి తన వీపు మీద పెట్టుకుంది. ఊరంతా చూస్తోంది. "ఓబులమ్మా, సామికి వీపు తిప్పినావే!" అని ఒక ముసలావిడ గట్టిగానే అంది. పల్లకి పక్కనున్న పూజారి పెద్దయ్యవారు చెయ్యెత్తి, "రానీండి," అన్నారు. అంతే అన్నారు.

అత్త ఊపింది. మామ కదల్లేదు. ఇంకోసారి ఊపి, ఆయన కోసం ఆగకుండా, తానే వెనక్కి ఒక అడుగు వేసింది. మడమకు ఏదో తగిలినట్టు తూలి "అబ్బా!" అంది. మామ పట్టు బిగిసింది. "ఏయ్, సూస్కో! రాయుంది ఆడ. ఇటు రా, ఎడమకు," అన్నాడు. ఆ మాటతోపాటు ఆయన పాదం ముందుకు పడింది. పడిందని ఆయన గమనించనే లేదు. "ఎడమకంటే నీ ఎడమ గాదే, నా ఎడమ. ఆఁ. గుంత ఉంది, అడుగు చిన్నగా ఎయ్యి. ఇంగ బాగుంది. రా, రా." ఆయన కళ్లు అత్త భుజం మీదుగా దారి మీద ఉన్నాయి. చెయ్యి ఆమె వీపును మెల్లగా అటూ ఇటూ తిప్పుతోంది. నేను లెక్క చెప్పడం మానేశాను. ఎవరికీ అది అక్కరలేదు. కట్ట దగ్గర ఆయన ఆగాడు. ఇది కాళ్లు పట్టేసిన ఆగడం కాదు, తానే ఆగాడు. హాల్లో ఎంత చెప్పినా ఆయనకు చేతకానిది మలుపు. తిరగడమంటేనే ఆయన పాదాలు బిగుసుకుపోయేవి. అక్కడ, మూడు చిన్న చిన్న అడుగుల్లో, అత్తను తన చేతితో తిప్పి స్వామికి ఎదురుగా నిలబెట్టాడు. తువ్వాలు ముడి విప్పి టెంకాయ తీసి, ఆ వణికే చేతులతోనే అయ్యవారికి ఇచ్చాడు.

సాయంత్రం అరుగు మీద కూర్చుని టీచర్ తీర్పు చెప్పింది. "భుజాలు చెవుల దాకా పోయినాయి. తలకాయ కిందికి. మా హాల్లో అయితే మార్కులు రావు." కళ్లద్దాలు తీసి గౌను అంచుతో తుడుచుకుంది. "లీడ్ మాత్రం మగోడిది. నేను చూసినా." మామ ఆ మాటను ఆరునెలలు వచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. లీడంటే ఏమిటో వాళ్లకు తెలియదు. ఆయనకు చెప్పే ఓపిక ఉండేది.

తరువాత జబ్బు తన దారిన తాను పోయింది. మరుసటేడు టెంకాయ చిన్నమామే ఇచ్చాడు. మామ నిజంగానే అడగలేదు. టీచర్ సికింద్రాబాదులో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. కొన్నాళ్లు ఫోన్లు, తరువాత ఆమె పోయిందన్న కబురు. పోయినేడు మామ. ఇప్పుడు నంద్యాలలో ఏ ఫంక్షన్ హాలుకు పోయినా పెండ్లికొడుకూ పెండ్లికూతురూ నడుం మీద చెయ్యి వేసి, పొగల మధ్య, ఫోన్ల ముందు తిరుగుతున్నారు. నేర్పడానికి మాస్టర్లు వస్తున్నారు. ముసలివాళ్లు కూడా ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. నాకు అది తప్పనిపించదు. సిగ్గుపడేవాళ్ల పని కొంచెం తేలికైందనే అనుకుంటాను. కానీ తలుపులు మూసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఒక చెయ్యిని ఒక భుజం మీద పెట్టడానికి మూడు మధ్యాహ్నాలు పట్టిన ఇంట్లో పెరిగాను. ఆ చెయ్యికి ఎంత బరువుండేదో ఆ ఫోన్లలో పడుతుందా అని అనుమానం.

మేస్త్రీ భోజనానికి వెళ్లాక అత్తా నేనూ వరండాలో కూర్చున్నాము. అత్త చేటలో శెనక్కాయలు ఒలుస్తోంది. ఇన్నేళ్లుగా అడగాలనుకున్నది అప్పుడు అడిగాను.

"అత్తా, ఆ పొద్దు స్వామికి వీపు తిప్పినప్పుడు భయం కాలేదా?"

"ఎందుక్కాదు? కాళ్లు వణికినాయి. మీ మామకంటే ఎక్కువ."

"రాయి తగిలి పడిపోయింటే?"

అత్త ఒలవడం ఆపి నా వైపు చూసింది. అల్లరి చేసి దొరకని పిల్లలా నవ్వింది.

"రాయేందిమే? కాపురానికొచ్చిన కాడ్నుంచి పొద్దున్నే ఊడ్చి, కల్లాపి సల్లి, ముగ్గేసిన వీధి అది. యాడ గుంతుందో, యాడ రాయుందో కండ్లు మూసుకోని సెప్తా. నాకేం తగల్లేదు."

మళ్లీ ఒక కాయ అందుకుని చిదిమింది.

"ఆయనకు దావ సెప్పే పని కావాల గదా."